బీడీ మాన్పించాను, దుమ్ము చూడలేదు

నంద్యాల బస్సు కదులుతోంది. ఆళ్లగడ్డ బస్టాండులో నేను ముందు పరుగెత్తి ఎక్కేశాను. వెనకే మా ఆయన మనోహరాచారి వస్తున్నాడనుకున్నాను. తిరిగి చూస్తే సగం దూరంలో స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. నోరు తెరిచి గాలి కోసం తంటాలు పడుతున్నాడు. గడ్డపారతో రాతిబండలు దొర్లించే మనిషి! కండక్టరు బస్సు ఆపిస్తే మెల్లగా నడిచి వచ్చి ఎక్కాడు.

"ఏందయ్యా, ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు మే. ఊపిరాడల్యా. కూచ్చుంటే సర్దుకుంటాది."

నంద్యాల చేరేదాకా సర్దుకోలేదు. ఆ రోజు బంధువుల ఇంటికని వెళ్లాం, పని చూసుకుని తిరిగొచ్చాం. ఆసుపత్రి పక్కనుంచే నడిచి వచ్చాం. లోపలికి పోదామన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

మా ఆయన శిల్పి. దేవుళ్ల విగ్రహాలు చెక్కడం మా మామగారి నుంచి వచ్చిన పని. ఇంటి వెనక షెడ్డులో ఆయన, మా మరిది శేఖర్ కలిసి చెక్కేవాళ్లు. గ్రైండర్లు వచ్చాక పని తొందరగా సాగేది, దుమ్ము కూడా అంతే లేచేది.

నా పోరాటమంతా బీడీల మీద. పెళ్లయిన కొత్తలోనే మొదలుపెట్టాను. కట్టలకు కట్టలు పొయ్యిలో వేశాను, అలిగి అన్నం మానేశాను, ఒకసారి పుట్టింటికి కూడా పోయాను. చివరికి మానేశాడు. ఆ గెలుపును వీధంతా చెప్పుకున్నాను. సాయంత్రం ఆయన కనురెప్పల నుంచి కాళ్ల దాకా తెల్లగా షెడ్డులోంచి వస్తే, "మీ ఆయన పిండిమరలో పడినాడా ఏంది?" అని పక్కింటావిడ ఆటపట్టించేది. నేనూ నవ్వేదాన్ని. తెల్లగా వచ్చాడంటే చేతినిండా పని ఉన్నట్టే కదా అని మురిసిపోయేదాన్ని. ఇప్పుడా నవ్వు గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ బస్సు రోజు తర్వాత దగ్గు కూడా పట్టుకుంది. ఊళ్లో డాక్టరుగారు, "బీడీ తాగుతారా?" అని అడిగారు.

"మానేశాడు సార్, నేనే మాన్పించినా," అన్నాను గొప్పగా.

ఏం పని చేస్తాడో మేం చెప్పలేదు. సిరప్ ఇచ్చారు, యాంటీబయాటిక్ ఇచ్చారు. టీబీ ఏమోనని కళ్లె పరీక్ష చేయించారు, నెగటివ్ వచ్చింది. దగ్గు మాత్రం పోలేదు. చొక్కాలు వదులైపోయాయి. మెట్లెక్కితే మధ్యలో కూర్చోవాల్సి వచ్చేది. అప్పుడు నంద్యాలలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

ఆ డాక్టరు ఎక్స్-రే తీయించి, వెలుతురుకు పెట్టి చూసి, "మీరు చేసే పనేంటి?" అన్నారు.

"బొమ్మలు చెక్కుతా సార్. రాతి బొమ్మలు."

"ఎప్పటినుంచి?"

"ఊహ తెలిసినకాడి నుంచి."

డాక్టరు మళ్లీ ఎక్స్-రే వైపు చూశారు. సీటీ స్కాన్ రాశారు, పీఎఫ్‌టీ రాశారు. పీఎఫ్‌టీ అంటే గొట్టం నోట్లో పెట్టుకుని ఊదే పరీక్ష. "ఊదండి, ఇంకా, ఇంకా, ఆపొద్దు," అంటోంది అక్కడి అమ్మాయి. మా ఆయన ముఖం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి, గాలి మాత్రం అంతలోనే అయిపోయింది. మళ్లీ మళ్లీ చేయించినా అంతే. 

"సిలికోసిస్ అమ్మా," అన్నారు డాక్టరు. "రాతి పొడి లంగ్స్‌లో చేరి ఫైబ్రోసిస్ అయింది, అంటే లోపల మచ్చలు కట్టి గట్టిపడిపోయాయి. జరిగిన డ్యామేజ్‌ను వెనక్కి తేలేం. ఇంకా ముదరకుండా కాపాడుకోవాలి. డస్ట్‌కు దూరంగా ఉండటం మందులకంటే ముఖ్యం."

మా ఆయనేమో పని వదలనన్నాడు. ఒప్పుకున్న విగ్రహాల వరకైనా పూర్తి చేస్తానన్నాడు. "కండ్లు చెక్కేది నేనే. శేఖర్‌కు ఇంకా చెయ్యి కుదరల్యా. మాస్క్ పెట్టుకుంటాలే," అన్నాడు. డాక్టరు చెప్పిన మాస్కులే తెచ్చాం. రోజూ మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకుపోయి షెడ్డు గడప మీద పెట్టి, "మాస్క్ ఉందా?" అని కేకేసేదాన్ని. "ఉంది," అనేవాడు. చీరకు దుమ్ము అంటుతుందని అట్నుంచటే తిరిగొచ్చేదాన్ని.

వానాకాలంలో జ్వరం వచ్చి ఒక్కసారిగా పడిపోయాడు. నంద్యాల ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. కాస్త తేరుకున్నాక డాక్టరు, "మాస్క్ వేసుకుంటున్నారా?" అన్నారు.

"వేసుకుంటాండా సార్."

డాక్టరు నా వైపు తిరిగారు. "మీరు చూశారా అమ్మా?"

నేను చూడలేదు. 

ఇంటికొచ్చాక ఆయన్ను పెరటి వసారాలో మంచం మీద పడుకోబెట్టి, నేను స్టూలు తీసుకుని షెడ్డులోకి పోయి కూర్చున్నాను. శేఖర్ మాస్క్ పెట్టుకునే పని మొదలుపెట్టాడు. కాసేపు చెక్కాడు. మాస్క్ గడ్డం కిందికి లాగాడు. రాయి మీదికి వంగి, ముఖం దగ్గరగా పెట్టి, ఉఫ్‌మని ఊదాడు. పొడి లేచి ముఖమంతా కప్పేసింది. అందులోనే కళ్లు చికిలించి చెక్కిన గీతను చూసుకున్నాడు. మాస్క్ గడ్డం కిందే ఉండిపోయింది.

"ఏంది శేఖరా, దించేస్తివే?"

"ఊదకుంటే గీత ఎట్ల కనపడ్తాది వదినా? మాస్క్ పెట్టుకోని ఊదేదెట్ల? నాయన నేర్పిందే అట్ల."

వసారాలోంచి మా ఆయన, "నేనూ అంతే మే," అన్నాడు.

అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇన్నేళ్లు బీడీతో కొట్లాడాను. మాన్పించినందుకు బాధ లేదు. కానీ ఆయన ఊపిరి తీసుకుపోతున్నది రాతి పొడి అయితే, నేను దాని గడప దాకా వచ్చి అన్నం పెట్టి వెనక్కి పోయాను.

ఊదడం ఆగితే తప్ప మాస్క్ ముఖం మీద నిలవదని తెలిసింది. ఊదే బదులు పొడి తుడవడానికి తడిగుడ్డ పెట్టాం. గీత సరిగా తెలియడం లేదని శేఖర్ సణిగాడు. మా ఆయనే దారి కనిపెట్టాడు. "పూర్తిగా తుడవద్దురా. పైతడి ఆరనియ్. గీతలో నీళ్లు నిలుస్తాయి, అప్పుడు చూడు." శేఖర్ చూశాడు. గీత నల్లగా, ఊదినప్పటికంటే స్పష్టంగా కనిపించింది.  మా ఆయన, "నాయన ఉన్నప్పుడే ఇది తెలిసింటే," అన్నాడు.

ఇప్పుడు ఆయన ఉలి పట్టడు. షెడ్డుకు దూరంగా వీధి వసారాలో కూర్చుని కాగితం మీద విగ్రహాల కొలతలు గీసిస్తాడు. కళ్లు శేఖరే చెక్కుతున్నాడు. పొద్దున ఇన్‌హేలర్, ఆ తర్వాత మూడు బంతుల డబ్బాతో ఊపిరి కసరత్తు. గాలి పీలిస్తే రెండు బంతులు లేస్తాయి. మూడోది లేవదు. "రేపు చూస్తాంలే," అంటాడు. నేనూ సరేనంటాను.

ఇది చదివే ఆడవాళ్లకు ఒక్క మాట. మీ ఇంట్లోవాళ్లు పని చేసేచోట ఒక పూటంతా కూర్చోండి. ఏం పీలుస్తున్నారో, చెయ్యి దేన్ని ముట్టుకుంటోందో, మాస్క్ ఎప్పుడు దిగుతోందో కళ్లారా చూడండి. డాక్టరు అడగకపోయినా ఆ సంగతులన్నీ మీరే ముందు చెప్పండి. నేను చీర మాస్తుందని గడప దగ్గరే ఆగిపోయాను. చీరదేముంది, ఉతికితే పోయేది.