పొగపడవ మీద సుద్దసున్నా

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ముప్పై ఏళ్లు పవర్ ప్లాంటులో బాయిలర్ల దగ్గర పనిచేసినవాణ్ణి. గాల్లో తెల్లగా ఏదన్నా కదిలితే ఆవిరి ఎక్కడ లీకవుతోందో వెతుకుతానేగానీ దేవుణ్ణి తలుచుకోను.

రిటైరైనాక కృష్ణపట్నం దగ్గర మా పొగపడవలో చేరినాను. ఒకప్పుడు కాలువ మీద జనాన్ని మోసిన ఆవిరి పడవ అది. మా అమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని దాంట్లోనే పుట్టింటికి పోయేది. సరుగుడు కట్టెల పొగ, తడి తాళ్ల వాసన, ఇంజను చప్పుడుకు ఊగే నిద్ర. ఆ నిద్ర మళ్లీ ఏ ఏసీ బస్సులోనూ పట్టలేదు.

ఊరివాళ్లం పదిమందిమి చేరి దాన్ని బాగుచేసి, ఆదివారాలు తిప్పుతున్నాం. మాటిమాటికీ ఏదో ఒక రిపేరుతో ట్రిప్పులు ఆగిపోతుంటే పడవ కమిటీవాళ్లకు విసుగొచ్చింది. ఈ ఆదివారం కూడా కదలకపోతే గట్టు మీదికెక్కించి, సిమెంటు దిమ్మె మీద బొమ్మలా నిలబెడతామన్నారు. గట్టెక్కడం ఎవరికైనా మంచిదే, పడవకు తప్ప.

నాకు ఈ పని నేర్పింది పాత డ్రైవరు దానియేలు మామ. ప్లాంటులో నేను నేర్చిందంతా ఎల్కేజీ అని మొదటిరోజే తేల్చేసినాడు. బాయిలర్‌ను సుత్తితో తట్టి, శబ్దం తేడాగా ఉన్నచోట సుద్దతో గుర్తు పెట్టేవాడు. అలాంటిచోట అందరూ ఇంటూ గుర్తు వేస్తారు. మామ సున్నా చుట్టేవాడు.

"చెడిపోయినదాని మీద సిలువ గీయమంటావా అబ్బయ్యా?" అనేవాడు.

పోయినేడు ఆయన పోయినప్పుడు చొక్కా జేబులో సుద్దముక్క పెట్టి సాగనంపింది నేనే.

ఆ శనివారం బాయిలర్ పైరేకుకు నల్లరంగు పూసి, షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. తెల్లారి నిప్పు రాజేద్దామని పోతే, రేకు కింది అంచున తెల్లటి సున్నా.

"నువ్వే వేసి మరిచిపోయుంటావులే అన్నా," అన్నాడు కట్టెలేసే మస్తాను. "కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఊరంతా వెతికే మనిషివి. చర్చి పిలకాయలు పదింటికి వచ్చేస్తారు. అగ్గిపెట్టె ఇట్లియ్యి."

బాయిలర్ బాగుందన్న సర్టిఫికెట్టేమో గోడకు వేలాడుతోంది. సుద్దగీత చూసి ట్రిప్పు ఆపినానంటే పడవ గట్టెక్కుతుంది, నా పరువు ఏట్లో మునుగుతుంది. పిలకాయలు కూర్చునే బల్లలు బాయిలర్ పక్కనే.

"రేకు విప్పుదాం, పట్టు," అన్నాను.

రేకు వెనక బాయిలర్‌కు అరచేయంత మేర తుప్పు. సుత్తితో తడితే గంటలా మోగాల్సిన ఇనుము తడిసిన అట్టలా పలికింది. రెండో దెబ్బకు చిల్లు పడింది. మస్తాను నా చేతిలోని అగ్గిపెట్టె తీసి తన జేబులో వేసుకున్నాడు.

కమిటీవాళ్లు వచ్చి ఆ చిల్లులో వేలు పెట్టి చూసి, నిప్పు పెట్టకపోవడమే మంచిదైందన్నారు. తర్వాత దిమ్మె మాట ఎవరూ ఎత్తలేదు. కొత్త ప్లేటు వేయించినాం. పడవ నడుస్తోంది.

ఆ సున్నా నేనే వేసినానని మస్తాను ఇప్పటికీ అంటాడు. నాకంత చెవి ఉంటే బాగానే ఉండేది. కానీ నేను వేసేది ఇంటూ. ఎవరు వేసినారని అడిగితే మాత్రం నాకు తెలిసిందీ సున్నానే.

ఇప్పుడు ప్రతి ఆదివారం నిప్పు పెట్టేముందు బాయిలర్ చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాను. రేకంతా నల్లగానే ఉంటే, "మామ సరేనన్నాడు, అగ్గిపెట్టె ఇయ్యన్నా," అంటాడు మస్తాను.