పెద్దమామా కాళ్ళ కింది బండ

కువైట్‌లో చలి ఉంటుందంటే మా కడపలో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. బ్నీద్ అల్ గార్‌లో ఇంటిపనికి కుదిరి మొదటి జనవరి చూసేదాకా నేనూ నమ్మలేదు. ఆ ఇంట్లో మా యజమాని తల్లి ఉండేది. యజమాని భార్యను అక్కడి అలవాటు ప్రకారం మామా, అంటే అమ్మా, అనేదాన్ని కాబట్టి ఈవిడ నాకు పెద్దమామా. షుగరు జబ్బుతో ఆవిడ అరికాళ్ళకు స్పర్శ పోయింది. మోకాళ్ళకు మాత్రం చలి బాగానే తెలిసేది. నోరు అంతకంటే బాగా పనిచేసేది.

తల్లి కోసం యజమాని ఆవిడ గదిలో పాలరాయి కింద కరెంటు తీగలు పరిపించాడు, నేల వెచ్చబడేలా. అది ఇరాక్ సైన్యం వచ్చిన ఏడాది ఎండాకాలం. పని చేసిన ఎలక్ట్రీషియన్ జగిత్యాల వాడు, నాకంటే చిన్నవాడు. వేడి చాలినంత కాగానే ఆపేసే థర్మోస్టాట్లు రెండు రకాలు దుకాణం నుంచి నమూనాకు తెచ్చి చూపించాడు. ఒకటి గోడ మీద ఉండి గదిలో గాలి వేడిని చూసేది, చూడ్డానికి అందంగా ఉంది. రెండోదానికి ఒక తీగ, తీగ చివర వేలెడంత సెన్సార్. అది బండ కిందికి పోయి రాయి వేడినే చూస్తుంది. యజమాని అందమైనదాన్నే చేతిలోకి తీసుకున్నాడు.

నోరు మూసుకోవడం నాకు పుట్టుకతో రాలేదు. కడప బండల మీద పెరిగినదాన్ని, బండ సంగతి నాకొకరు చెప్పాలా? అది నిదానంగా కాగుతుంది, నిదానంగా చల్లారుతుంది. గది గాలి వెచ్చబడేలోపు రాయి మాడిపోతుంది.

"పెద్దమామాకు కాలినా తెలీదు కదా తమ్ముడూ! పోయిన ఎండాకాలం వాకిట్లో నిలబడి బొబ్బలెక్కించుకునింది. గాలిని చూసే పెట్టె ఏం చేస్తాది?" అన్నాను.

"నువ్వు జెప్పింది నిజమే అక్కా. బండను జూసేదే పెట్టాలె," అని అతను యజమానికి హిందీలో విడమరిచి చెప్పాడు. యజమాని నన్నొకసారి, పెట్టెనొకసారి చూసి సరేనన్నాడు. ఆ రోజంతా నన్ను పట్టేవాళ్ళు లేరు.

సెన్సార్ దూర్చడానికి పాలరాయి కింద సన్నని గొట్టం వేసి, తీగలు పరీక్షించడానికి మామూలు స్విచ్ బిగించి అతను వెళ్ళాడు. "దుకాణంల కొత్తది తీస్కొని మల్లొచ్చి సెన్సార్ పెడ్త. అందాక స్విచ్ ముట్టకుండ్రి," అన్నాడు. ఆ వారమే సైన్యం వచ్చింది. దుకాణాలు మూతపడ్డాయి. అతను మనవాళ్ళతో బస్సెక్కి జోర్డాన్ మీదుగా ఇంటికి పోయాడని తర్వాత తెలిసింది. నేను ఉండిపోయాను. ధైర్యంతో కాదు, ఆ ఎడారి దారికి భయపడి.

చలి వచ్చింది. వీధిలో సైనికులున్నా పెద్దమామా పోరు మాత్రం నేల వెచ్చబెట్టమనే. కరెంటు ఉంది, స్విచ్ ఉంది, వేడి చూసి ఆపేదే లేదు. చివరికి నేనే చెప్పులు విడిచి స్విచ్ వేశాను. చాలాసేపటికి అరికాలు ఆనించి చూస్తే హాయిగా ఉంది. ఆవిణ్ణి మంచం మీంచి దింపబోతూ ఎందుకో ముంజేయి ఆనించాను. చురుక్కుమంది. చిన్నప్పటినుంచి ఉత్త కాళ్ళతో తిరిగి మొద్దుబారిన అరికాళ్ళను నేను నమ్మాను! ఆవిణ్ణి మంచం మీదే ఉంచి స్విచ్ ఆపేశాను.

అప్పటినుంచి అంతా ముంజేతితోనే. స్విచ్ వేయడం, నేల మీద కూర్చుని మాటిమాటికీ ఆనించి చూడడం. ఆపాక కూడా బండ ఇంకాస్త కాగుతుంది కాబట్టి ముందే ఆపేదాన్ని. పెద్దమామా కాళ్ళు దించే ముందు "హార్?" అని అడిగేది, వేడిగా ఉందా అని. "లా, తమామ్," అనేదాన్ని, లేదు, బాగుందని. అప్పుడు దిగి, ఒక ఖర్జూరం నా నోట్లో పెట్టేది. బయట అంత ఘోరం జరుగుతుంటే మేమిద్దరం ఆ వెచ్చని రాయి మీద పోట్లాడుకుంటూ సుఖంగానే ఉన్నాం. చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ నిజం. చివర్లో కరెంటూ పోయింది, దుప్పట్లే దిక్కయ్యాయి.

సైన్యం పోయాక, మరుసటి చలికాలం ముందు, జగిత్యాల తమ్ముడు తిరిగొచ్చాడు. సంచిలోంచి ఒక పెట్టె తీశాడు.

"అప్పుడే దుకాణంల తీస్కొని సంచిల ఏస్కున్న అక్కా. మా ఊరికి పోయి మల్ల నాతోనే వచ్చింది."

ఎడారి దాటి జగిత్యాల చూసొచ్చిన సెన్సార్‌ను గొట్టంలో దూర్చి, థర్మోస్టాట్ బిగించాడు. నేల వెచ్చబడింది. టిక్కుమని దానంతటదే ఆగింది. ముంజేత్తో చూశాను, వంక పెట్టడానికి లేదు. కొంచెం కుళ్ళు కూడా పుట్టింది.

ఇక భయం లేదు, అంతా అదే చూసుకుంటుందని కొడుకు తల్లికి చెప్పాడు. పెద్దమామా తలూపింది. మంచం మీంచి కాళ్ళు వేలాడేసి, నేలకు జానెడు పైన ఆపి, నా వైపు చూసింది.

"హార్?"

వంగి ముంజేయి ఆనించాను. "లా, తమామ్," అన్నాను.

అప్పుడు దించింది కాళ్ళు.