మా కాలనీ ఎన్నికల అధికారి

మొన్న హైటెక్ సిటీలో మా ఆఫీసు క్యాంటీనులో పెరుగన్నం కలుపుకుంటూ తల ఎత్తితే, టీవీలో ఒక దూరదేశపు అధ్యక్షుడు మళ్ళీ ప్రమాణ స్వీకారం చేస్తున్నాడు. మా తరం ఉద్యోగాల్లో చేరేనాటికే ఆయన ఆ కుర్చీలో ఉన్నాడు. మేం పదవీ విరమణకు దగ్గరపడ్డాం, ఆయనకి మాత్రం పదవే ఉంది, విరమణ లేదు. పక్క బల్లవాళ్ళు ఛానెల్ మార్చేశారు గాని, నా మనసు చందానగర్‌లో మా పాత ఇంటి మేడమీది గదికి వెళ్ళిపోయింది. లింగంపల్లి దగ్గరి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ ఆ గదిలో కొన్నేళ్ళు అద్దెకున్న అబ్బాయిది ఆ దేశమే. పేరు రాయను, అతనివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు.

అవి బండరాళ్ళ మధ్య ఒక్కొక్క అద్దాల మేడ లేస్తున్న రోజులు, నాకు కొత్తగా సాఫ్ట్‌వేరు ఉద్యోగం. నేను కోడు రాస్తానంటే ఎన్నికల కోడనుకుని పొంగిపోయేవారు నాన్నగారు. గోదావరి జిల్లా నుంచి ప్రభుత్వోద్యోగం మీద వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక కాలనీ సంఘానికి అధ్యక్షులై, ఏటా ఏకగ్రీవంగా ఎన్నికవుతూ వచ్చిన మనిషి మరి. గ్రీవమంటే మెడ కదా, పదవనే గంట కట్టించుకోవడానికి ఇంకో మెడ ముందుకు రాలేదన్నమాట.

ఆ ఏడు మాత్రం వెనక వీధిలో పాల డెయిరీ నడిపే ఆయన, అక్కడే పుట్టి పెరిగిన మనిషి, పోటీకి దిగాడు. నల్లా నీళ్ళు మా వీధికే ఎక్కువ వస్తున్నాయని ఆయన ఆరోపణ. ఓట్లు లెక్కపెట్టేవాడు ఎవరి పక్షమూ కాకూడదని వెతికితే కాలనీ మొత్తానికీ మా మేడమీది అబ్బాయొక్కడే దొరికాడు. కోస్తావాడు కాడు, తెలంగాణవాడు కాడు, అద్దె మాకిచ్చినా పాలు ఆయన దగ్గరే పోయించుకుంటాడు.

ఆ మాట వినగానే అబ్బాయి ముఖం వాడిపోయింది. వాళ్ళ నాన్న బడిపంతులట. ఒకసారి ఎన్నికల్లో ఓట్లు లెక్కపెట్టి, అధ్యక్షుడి మనిషి ఓడాడని ఉన్నదున్నట్టు ప్రకటించాడట. ఆ సాయంత్రమే జీపులో తీసుకుపోయారు, మళ్ళీ ఇల్లు చేరడానికి ఏళ్ళు పట్టింది. మా అమ్మ దగ్గర సగం, పాలాయన దగ్గర సగం నేర్చుకున్న తెలుగుతో, "వద్దండీ అంకుల్, నాకు జర భయమైతది," అన్నాడు. "ఇది చందానగర్ బాబూ," అని నాన్నగారు వీపు తట్టారు. గెలుస్తామన్న ధీమా ఉన్నవాళ్ళు వీపు బాగా తడతారు.

నా వంతు సాయంగా నేను నాన్నగారికి కంప్యూటర్ మీద ఒక కరపత్రం తయారుచేశాను. అచ్చయ్యేసరికి తెలుగు అక్షరాల చోట ఖాళీ గళ్ళు వచ్చాయి, చూసుకోకుండా ఇంటింటికీ పంచేశాను. అదే ఆయన ఎన్నికల గుర్తని కొందరు అనుకున్నారు.

ఆదివారం పొద్దున్న కమ్యూనిటీ హాల్లో ఓట్లు పడ్డాయి. అబ్బాయి ఒక్కొక్క చీటీ విప్పి, అందరికీ చూపించి, రెండు కుప్పలు పెట్టి, మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టి మైకు ముందుకొచ్చాడు. నాన్నగారి వంక చూశాడు, చేతిలో కాగితం వంక చూశాడు. తలదాచుకోవడానికి గది ఇచ్చిన మనిషి ఓడిపోయాడని ఆయన ముఖం మీదే చెప్పాలి. చివరికి వాళ్ళ నాన్నలాగే ఉన్నదున్నట్టు చెప్పాడు. చప్పట్లు ఆగేసరికి మైకు దగ్గర లేడు.

మేం ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే, "ఏమండీ, ఆ అబ్బాయి పెట్టె సర్దేసుకుంటున్నాడండీ, అన్నం తినమన్నా వినట్లేదు," అంది. గెలుపు కోసం ముందే తెప్పించిన లడ్డూల పళ్ళెం పట్టుకుని నాన్నగారు మేడెక్కారు, వెనకే నేను.

"మీరు చెప్పేలోపే ఖాళీ చేస్తున్న అంకుల్," అన్నాడు అబ్బాయి తలెత్తకుండా.

నాన్నగారు అతని నోట్లో ఒక లడ్డూ పెట్టి, "నన్ను ఓడించినవాళ్ళందరూ ఖాళీ చేస్తే, ఈ కాలనీలో నేనూ మీ ఆంటీ మిగులుతామయ్యా. ఆవిడ ఓటు మీదా నాకు అనుమానమే," అన్నారు.

అతను లడ్డూ నములుతూనే, ఇప్పుడు ఎవరూ తీసుకుపోరా అని అడిగాడు.

"నన్ను తీసుకుపోతారు. మీ ఆంటీ, కూరగాయల బజారుకి. మీటింగులని చెప్పి ఇన్నేళ్ళూ తప్పించుకున్నాను."

ఇంతలో గెలిచినాయన మెడలో దండతోనే మెట్లెక్కి వచ్చి, "సార్, నల్లా ముచ్చట నాకేం ఎరుక, అది మీరే చూస్కోండ్రి," అని ఆ దండ తీసి నాన్నగారి మెడలో వేశాడు. "గెలిచింది నువ్వా నేనా?" అన్నారు నాన్నగారు. "గెల్పు నాది, పని మీది సార్." అబ్బాయి మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, మంచం మీద కూలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. పదవి పోయినా పెదవి మీద నవ్వు చెదరని అధ్యక్షుణ్ణి చూశానని వాళ్ళ నాన్నకి ఆ రాత్రే ఉత్తరం రాశాడు.

చదువయ్యాక అతను వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు కార్డులొచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. నాన్నగారు లేరు. నేనిప్పుడు నార్సింగిలో, లిఫ్టు చెడిపోతే దిగలేనంత ఎత్తులో ఉంటున్నాను. మా అపార్టుమెంటు సంఘం ఎన్నికలన్నీ ఫోనులో, వాట్సాప్ గ్రూపులోనే. గెలిచినవారి పేరు చేతిలోకి వచ్చి పడుతుంది, ఓడినవారి పేరు రాదు. ఈసారి ఓడింది మా పక్క ఫ్లాటాయనేనని చాలా ఆలస్యంగా తెలిసింది. మొన్న టీవీ చూసి వచ్చిన సాయంత్రం ఆయన ఇంటి బెల్లు నొక్కాను. తలుపు సగమే తెరిచి, "గ్రూపులోంచి బయటికి వచ్చేశాను కదండీ, ఇంకేమిటి?" అన్నాడు. గ్రూపు సంగతి కాదు, మా ఇంట్లో కాఫీ తాగుదాం రమ్మన్నాను. నమ్మడానికి ఆయనకి కొంతసేపు పట్టింది. వచ్చాడు, రెండు కప్పులు తాగాడు, బాగా నవ్వించాడు కూడా. కానీ ఓడినందుకు ఇంకేం చేస్తారోనని తలుపు సందులోంచి ఆయన చూసిన చూపు నాకు తెలుసు. మేడమీది అబ్బాయి కళ్ళల్లో అది ఎందుకుందో ఆ రోజుల్లోనే అర్థమైంది. మనవాళ్ళ కళ్ళల్లోకి ఎప్పుడొచ్చిందో మాత్రం నేను గమనించలేదు.