నేను వినకుండా సున్నా వేసిన పాట

మా అల్లుడు పోయిన నెల ఆఫీసులోనే పోయాడు. మధ్యాహ్నం భోజనానికి లేచి, లిఫ్టు దగ్గర కూలిపోయాడట. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయింది. ముప్పై ఎనిమిదేళ్లు. ఫోనులో మా అమ్మాయి "అమ్మా" అని ఒక్కమాటే అంది. మిగతాది అతని స్నేహితుడు చెప్పాడు.

ఈ పత్రిక పాఠకుల్లో కొందరికి అతను పాట ద్వారా తెలుసు. రెండేళ్ల కిందట "అగ్గిపుల్ల" అనే పాట మీద ఇదే పేజీలో దుమారం రేగింది. ఆ పాట రాసి పాడింది అతనే. దాన్ని తూర్పారబట్టిన ఉత్తరాల్లో ఎక్కువమంది మెచ్చుకున్నది నాది. కింద "విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని, సికింద్రాబాద్" అని అచ్చయింది. అతనికి తెలిసి, మీకు చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను: నేను ఆ పాట వినకుండానే ఆ ఉత్తరం రాశాను.

అతనికి వారమంతా సాఫ్ట్‌వేర్ కంపెనీ, శనివారం థ్రాష్ మెటల్ సంగీతం. గిటార్లు రంపాల్లా కోస్తాయి, పాడేవాడు అరుస్తాడు. యాప్రాల్‌లో ఎవరిదో గ్యారేజీలో నలుగురు బృందంగా సాధన చేసేవారు. మా ఇంటికి వస్తే వడ్డించేలోగా కంచం అంచు మీద వేళ్లతో దరువు వేసేవాడు. "కంచం వాయిద్యం కాదు బాబూ" అంటే చేతులు బల్ల కిందికి పోయేవి. కాసేపటికి మోకాళ్ల మీద మొదలయ్యేది. నా కళ్లద్దాలు విరిగితే రెజిమెంటల్ బజారంతా తిరిగి అదే రకం ఫ్రేము తెచ్చాడు. "అరిస్తే పోతది అత్తమ్మా, లోపల పెట్టుకుంటెనే తక్లీఫ్" అనేవాడు. నేను నవ్వేదాన్ని కాదు.

ఆ పాట, దుకాణాలు తగలబెట్టినవాడి నోటితో సాగుతుంది. "నేనే అంటించిన, నేనే నవ్విన." ఒక విమర్శకుడు అది హింసకు హారతి పట్టడమే అన్నాడు, ఇంకొకాయన ధైర్యమన్నాడు. నేను పత్రికలో వచ్చిన చరణాలు చదివి, ఎర్రసిరాతో గీతలు గీసి, ఉత్తరం రాశాను. నాటకంలో దుర్మార్గుడి మాట కవి మాట కాదని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పినదాన్ని.

నా ఉత్తరం అచ్చయిన ఆదివారం పేపరు పట్టుకునే వచ్చాడు.

"అత్తమ్మా, పాట ఇన్నరా, చదివిండ్రా?"

"చదివాను. చాలదా?"

"పేపర్ దిద్దకుండనే సున్నా ఏసిండ్రన్నమాట!"

"అరుపులు వినే ఓపిక నాకు లేదు బాబూ."

"నాలుగు నిమిషాల పదకొండు సెకన్లే. ఎప్పుడన్న ఇనుండ్రి."

నవ్వుతూనే సీడీ టీవీ పక్కన పెట్టాడు. వారం వారం దాని మీద దుమ్ము తుడిచాను.

కొద్దిరోజులకే వాళ్ల ప్రదర్శన రద్దయింది. నిర్వాహకులు నా ఉత్తరమే చూపించారట. బృందంలో మిగతా ముగ్గురూ ఉద్యోగాల్లో పడిపోయారు. ఇతను గిటారు అటకెక్కించాడు. కంచం మీద దరువు కూడా ఆగిపోయింది. భోజనం బుద్ధిగా సాగుతోందని నేను సంతోషించాను.

కర్మకాండ అయ్యాక మా మనవరాలు ఆ సీడీ పెట్టింది. నేను లేవబోయాను.

"కూసో అమ్మమ్మా. నాన్న వాళ్ల నాయిన బట్టల దుకాణం కాలిపోతుంటే నాన్న రోడ్డవతల నిలబడి చూసిండు. అప్పుడు చిన్నోడు. అంటించినోడు ఎట్ల నవ్విండో, ఇందుల నాన్న అట్లనే నవ్విండు. నాకు చెప్పిండు."

పన్నెండేళ్లు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి గురించి నాకీ సంగతి తెలియదు. నేను అడగలేదు.

కూర్చుని విన్నాను. కాగితం మీద గొప్పలుగా కనిపించిన మాటలు ఆ గొంతులో ముక్కలై వస్తున్నాయి. చివర ఆ నవ్వు. అది సగంలో తెగి, గిటార్లన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. తరువాత ఒక ఊపిరి వినిపిస్తుంది, పసివాడు ఏడుపు అందుకోబోయే ముందు తీసుకునేది. లోపలికి తీసుకోవడమే. ఏడుపు రాదు. పాట అక్కడితో అయిపోతుంది.