సూర్యుడు వెనకనుంచి వచ్చిన తీరం

షామ్‌బర్గ్‌లోని మా ఇంట్లో ఈ ఉదయం కాఫీ తాగుతుండగా మనవరాలు మెక్సికో నుంచి ఫొటో పంపింది. బీచ్, దాని వెనకే కొండలు. "అమ్మమ్మా, నువ్వెప్పుడైనా ఇక్కడికొచ్చావా?" అని అడిగింది.

ఏడేళ్ళప్పుడు వెళ్ళాను. అప్పటికి డైరీ అలవాటు లేదు కనుక గుర్తున్నంతే రాస్తున్నాను. కాకినాడలో తాతయ్య, అమ్మ వాళ్ళ నాన్న, పోయారు. వార్త మాకు అందేసరికే అంతా అయిపోయింది. అమ్మ మనసు మళ్ళించాలని నాన్న అప్పుడు మేముండే హ్యూస్టన్ నుంచి కార్‌లో, కొండలూ పాత స్పానిష్ చర్చిల ఊళ్ళూ దాటించి, మమ్మల్ని ఆ తీరానికి తీసుకెళ్ళారు.

తెల్లవారకముందే అమ్మ నన్ను లేపింది. "లేవవే. సముద్రంలోంచి సూర్యుడొస్తాడు, తాతయ్యకి దణ్ణం పెట్టుకుందాం."

"తాతయ్య కూడా వస్తారా?"

"వస్తారు, పద."

నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాం. ఎంతసేపటికీ సూర్యుడు రాలేదు. కాకినాడలో పెరిగిన అమ్మకి సముద్రమంటే తూర్పే. ఇక్కడది పడమట ఉంది. చివరికి వెనక కొండల మీంచి ఎండ పడింది. తడి ఇసుక మీద మా రెండు నీడలు అలల్లోకి సాగాయి. వాటి మధ్య మూడోది, మా రెండింటికన్నా పొడుగైనది, కదలకుండా నిలబడింది.

"అమ్మా, తాతయ్య!" అన్నాను.

అది మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, పలకరించలేక వెనకే ఆగిపోయిన నాన్న నీడ అని పెద్దయ్యాక అర్థమైంది. అమ్మకి అప్పుడే తెలిసి ఉండాలి. అయినా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ నీడకే వంగి దణ్ణం పెట్టి, "నాన్నా, రాలేకపోయాను" అంది.