ఎదురింటి గంగాళం

శోభనాద్రి ఒంటికి ఎప్పుడూ కొత్త వడ్ల వాసన ఉండేది. నందివాడ చేలమీది ధాన్యం పడవల్లో తెచ్చి గుడివాడలో కొట్టు నడిపేవాడు. పంతొమ్మిదివందల ముప్ఫయ్యొకటిలో ధాన్యం ధర కూలింది. కొన్న ధాన్యం కొట్లోనే ముక్కిపోయింది. అప్పులు తీర్చలేనని బందరు కోర్టులో ఐ.పి. పెట్టాడు.

ఇంటి సామానుకు విలువ కట్టడానికి కోర్టు అమీనా వస్తాడని కబురొచ్చింది. ఇత్తడంతా అప్పటికే అమ్ముకుని తిన్నారు. భార్య వసుంధరకు దిగులల్లా ఒకటే: కోర్టువారి కళ్లకు వంటిల్లు బోసిగా కనిపిస్తే ఎలా? చుట్టాలొచ్చినప్పుడు చేసినట్టే, ఎదురింటి పుష్పావతి దగ్గర గంగాళం అరువు తెచ్చి చింతపండుతో తోమి పెట్టింది. పొద్దుటెండ దాన్లో పసుపునీళ్లలా నిలిచింది.

అమీనా దేవదానం నెమ్మదస్తుడు.

"కంగారుపడకండి. వండుకునే గిన్నెలు, కట్టుబట్టలు, పక్కబట్టలు, అమ్మగారి మంగళసూత్రాలు మేం ముట్టుకోం. మిగతావాటికే విలువ," అంటూ గంగాళం దగ్గర ఆగాడు. వేలితో కొట్టి మోత విన్నాడు. "ఇది వంటగిన్నె కిందికి రాదండీ. పెళ్లివారికి నీళ్లు కాచేంతుంది. పది రూపాయలు రాస్తున్నాను."

వాకిట్లో వీధి వీధంతా ఉంది.

"అప్పులోళ్లని ముంచి ఇత్తడి మెరిపిస్తున్నాడ్రా మా బావ!" ఎవరో నవ్వారు.

ముందు నిలబడ్డ పుష్పావతి, తన గంగాళం పోతున్నా, పెదవి కదపలేదు.

శోభనాద్రి తల పైకెత్తలేకపోయాడు.

"అది మాది కాదండీ."

"మరి ఇక్కడెందుకుందండీ?"

"మీరొస్తున్నారని... అరువు తెచ్చాం. ఆవిడది."

అమీనా పుష్పావతి వైపు చూశాడు. ఆమె తల వంచుకునే ఊపింది. ఉన్నవి దాచేవాళ్లనే చూసిన మనిషి, రాసిన పది రూపాయలు కొట్టేశాడు.

"మరి మీవేవండీ?"

వసుంధర లోపల్నుంచి మసికుండ, సొట్టల సత్తుగిన్నె తెచ్చి నేలమీద పెట్టింది.

"వీటికి విలువ కట్టక్కర్లేదమ్మా. ఉంచుకోండి," అన్నాడు అమీనా, మెత్తగా. ఆ మెత్తదనానికి వసుంధర కొంగు నోట్లో కుక్కుకుంది. వీధిలో నవ్వు ఆగిపోయింది. నవ్వుతూ ఉన్నా బాగుండేది.

మిట్టమధ్యాహ్నమే గంగాళం భుజాన మోసుకెళ్లి ఇచ్చాడు శోభనాద్రి.

"నాదని నేను నోరెత్తేదాన్నా, అన్నయ్యా?" అంది పుష్పావతి.

"ఎత్తవనేగా నేను చెప్పాల్సొచ్చింది," అన్నాడు, గడప తొక్కకుండానే.

ఆ నెలలోనే ఊరొదిలి పామిడిముక్కల చేరి, ఇంకొకరి కొట్లో కాటా పట్టి బతికాడు. ఇంటికెవరో వస్తున్నారంటే మాత్రం, వాళ్లు రాకముందే తను బయటికి వెళ్లిపోయేవాడు.