అక్క కొట్లో సత్తిబాబుల లెక్క

రామచంద్రపురంలో ఒక ఉగాది నాడు పొద్దున్నే, ఊళ్ళో ఉన్న పెద్దమనుషుల్లో చాలామందిని వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లోనే అవమానించిన ఘనత నాది. ఎవరి గడపా తొక్కలేదు. నోరు విప్పలేదు. ఒక చేతిలో ఉగాది పచ్చడి గిన్నె ఉంది. రెండో చేతి బొటనవేలు ఒక్కటే ఖాళీ. ఆ వేలితోనే పని కానిచ్చాను.

మీ ఇంట్లో ఎవరైనా చిన్న వ్యాపారం చేస్తూ, లెక్కలకి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడుగుతుంటే, ముందు వాళ్ళచేత ఇది చదివించండి.

మా అక్క రత్నానిది సప్లై కొట్టు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు, గరిటెలు అద్దెకిస్తుంది. బావ వ్యాను తోలుకుంటూ ఊళ్ళు తిరుగుతాడు కాబట్టి కొట్టూ లెక్కా అక్కవే. ఆ లెక్క కొంత క్యాలెండరు వెనకా, కొంత అగ్గిపెట్టెల మీదా, మిగతాదంతా ఆవిడ తలలోనూ ఉండేది. పని పెరిగి తల చాలక, "ఏదైనా సులువైన సాఫ్ట్‌వేర్ ఉంటే చూసి పెట్టరా తమ్ముడూ," అంది.

సులువైన అనే మాట నాకు వినపడలేదు.

నేను ఇంటర్‌తో ఆగినవాణ్ణి. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలో, ఫ్యాను కింద బల్ల దగ్గర సాగింది. ఏ విషయం మీదైనా ఒక్క పుస్తకం చదివితే ఇక అందులో నా మాటకి తిరుగులేదని అప్పట్లో నా నమ్మకం. నేను హోమియోపతి చదివిన నెలలో మా ఇంట్లో ఎవరూ నా ఎదుట ధైర్యంగా తుమ్మలేకపోయారు. అలాంటివాణ్ణి, లెక్కలంటే వదులుతానా? ఖాతాల నిర్వహణ మీదున్న లావుపాటి పుస్తకం తెచ్చుకుని, సగం చదవగానే అక్కకి పాఠం మొదలెట్టాను.

"వచ్చేది డెబిట్, పోయేది క్రెడిట్. శాస్త్రమంతా ఇంతే అక్కా."

"మరి వెళ్ళి వచ్చేదో?"

"వెళ్ళి వచ్చేదేంటి?"

"మన సామానంతా అదేగా. ఇవాళ వెళ్తుంది, మర్నాడు వస్తుంది."

నేను చదివిన సగంలో ఆ సంగతి లేదు. ఆ ముక్క అక్కకి చెప్పలేదు.

మూడు సాఫ్ట్‌వేర్లు దింపి చూశాను. మొదటిది తెరిస్తే మూడే మీటలు. ఇచ్చాం, వచ్చింది, ఇంకా రావాలి. అక్క మొహం వెలిగిపోయింది. "ఒరేయ్, ఇది మన కొట్టు చూసి చేసినట్టుందిరా."

"ఇది మరీ పలకలా ఉందక్కా. బ్యాలెన్స్ షీటే లేదిందులో."

"అదెందుకురా మనకి?"

"ఎందుకో తెలీకే అలా అడుగుతున్నావు," అన్నాను. బ్యాలెన్స్ షీటు అనేదాన్ని పుస్తకంలో బొమ్మగా తప్ప నేనూ ఎరగను. అది వేరే సంగతి.

రెండోది నాకే అర్థం కాలేదు కాబట్టి మంచిది కాదని తేల్చేశాను. మూడోది తెరిచేసరికి నా ప్రాణం లేచొచ్చింది. విమానం నడిపేవాడి ముందున్నన్ని మీటలు. ఎడమపక్క వరస కిందికి లాగుతుంటే గౌతమి పాయలా సాగుతూనే ఉంది. పుస్తకంలోని మాటలన్నీ అందులో ఉన్నాయి. అదే కొనిపించాను.

దానికి ప్రతి వస్తువుకీ గడువు తేదీ కావాలి. పెద్ద గుండిగకి గడువు ఎప్పటిదాకా అని అక్కని అడిగాను. "అది మా మావగారి నాటిదిరా. అది మన గడువు అడగాలి గానీ, దాని గడువు మనం అడగడమేంటి," అంది. పైగా ఆ సాఫ్ట్‌వేర్‌కి అద్దె అనే సంగతే తెలీదు. సామాను బయటికి వెళ్తే అమ్మకం, లోపలికొస్తే కొనుగోలు. ఆ లెక్క ప్రకారం మేం ప్రతి పెళ్ళికీ గుండిగలు అమ్మేసి, మర్నాడు అంట్లతో సహా తిరిగి కొనుక్కుంటున్నాం.

ఇంతదాకా నష్టమేం లేదు. అసలు చిక్కు ఖాతాదారుల పేర్ల దగ్గరొచ్చింది. అన్నవరం స్వామి దయ మా వైపు కాస్త ధారాళం. వీధికి నలుగురైదుగురు సత్యనారాయణలు ఉంటారు, అందరూ సత్తిబాబులే. ఆ మాటకొస్తే నేనూ సత్తిబాబునే. ఒక సత్తిబాబుని ఎక్కించి రెండో సత్తిబాబు దగ్గరికి రాగానే, ఈ పేరు ఇదివరకే ఉంది అని సాఫ్ట్‌వేర్ భీష్మించుకు కూచుంది.

"పనిని బట్టి పెడదాం. మిల్లు సత్తిబాబు," అన్నాను.

"మిల్లు సత్తిబాబులే ఇద్దర్రా. పక్కపక్క మిల్లులు."

"మరి నువ్వెలా గుర్తుపెట్టుకుంటావు?"

అక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మనలో మన మాట. రోడ్డు వైపు మిల్లాయన బేరాల సత్తిబాబు. కుర్చీకి రూపాయి తగ్గించమని కూర్చుని, మధ్యాహ్నం భోజనం కూడా ఇక్కడే చేసి వెళ్ళాడొకసారి. కాలవ వైపాయన మంచి సత్తిబాబు. ఇంకా, గరిటెలు మింగే సత్తిబాబు, రేపొచ్చే సత్తిబాబు..."

ఆవిడ చెబుతుంటే నేను పేరు రాయాల్సిన గడిలోనే అవన్నీ పొందికగా టైపు చేసేశాను. దాని కిందే ఇంకో గడి ఉంది. మీ గుర్తు కోసం, మీకు మాత్రమే కనిపించును అని రాసి ఉంది. అది జ్ఞాపకశక్తి లేనివాళ్ళ కోసం పెట్టిందనుకుని ఖాళీగా వదిలేశాను.

ఆ రోజుల్లోనే బేరాల సత్తిబాబుగారింట్లో పెళ్ళి కుదిరింది. అక్క కొట్టు పెట్టాక అంత పెద్ద పెళ్ళి రాలేదు. దాన్ని నమ్ముకునే మెత్తల కుర్చీలు కొత్తవి దింపింది. వాటి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. ఆయనేమో ఉగాది నాడు మంచి గడియ చూసుకుని అడ్వాన్సు ఇస్తానన్నాడు.

ఉగాది వచ్చింది. పచ్చడి తింటూ సాఫ్ట్‌వేర్ తెరిస్తే, ఖాతాదారులందరికీ శుభాకాంక్షలు అనే మీట కనపడింది.

"చూశావా అక్కా? ఆ మూడు మీటల దాంట్లో ఉందా ఈ మర్యాద?"

"ఎందుకులేరా ఇప్పుడు."

"ఒక్క నొక్కుడు."

నొక్కాను.

కాసేపటికి కొట్టు ఫోను మోగింది. అక్క స్పీకరు పెట్టింది. "ఏవండీ, నేను సత్తిబాబునండి. ప్రియమైన గరిటెలు మింగే సత్తిబాబు గారికి అని ఉందండి. నేనేం మింగానండి?"

అక్క నా వంక చూసింది. నోట్లో బెల్లం, మామిడికాయ అన్నీ పోయి నాకు వేపపువ్వొక్కటే మిగిలింది. అవతల ఎవరో ఏదో అన్నారు. మళ్ళీ ఆయనే, "అటక మీద ఒకటుందంటోందండి మా ఆవిడ. ఇప్పుడే పంపిస్తానండి," అని పెట్టేశాడు.

రేపొచ్చే సత్తిబాబు నుంచి ఫోను రాలేదు. ఆయన రేపు చేస్తాడని అర్థమైంది.

"బేరాల ఆయనకి కూడా వెళ్ళిందా?" అంది అక్క. నేను తలూపాను. ఆవిడ కవర్లు తీయని కుర్చీల వంక చూస్తూ నిలబడింది. తిట్టినా బాగుండేది.

అంతలో ఆయనే వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో ఫోను. అక్క శుభ్రంగా ఉన్న కుర్చీనే మళ్ళీ తుడిచి వేసింది. ఆయన కూర్చోలేదు.

"ఏవమ్మా రత్నం, బేరాల సత్తిబాబంటే నేనేనా?"

"అది సాంకేతికంగా ఏంటంటేనండి..." అని నేను మొదలెట్టాను.

"నువ్వాగు బాబూ. అమ్మాయిని అడుగుతున్నాను."

"ఆయ్, మీరేనండి," అంది అక్క తల వంచుకుని.

"దానికేంలే. పెళ్ళైన కాణ్ణుంచీ మా ఆవిడా అదే అంటోంది. కానీ పక్క మిల్లోడికి మంచి సత్తిబాబని పంపారంట. అప్పట్నుంచీ కనపడ్డవాడికల్లా ఫోను చూపిస్తున్నాడు. మా ఇంటికొచ్చి మరీ చూపించాడు. ఏం చేశాడమ్మా వాడంత మంచి?"

"గిన్నెలు తోమించి పంపుతారండి."

"అంతేనా?"

"అంతేనండి."

ఆయన అప్పుడు కూర్చున్నాడు. "ఆ మాత్రం నేను తోమించలేనా? పెళ్ళి సామానంతా చింతపండేసి తోమించి పంపుతాను. నన్నూ మంచి సత్తిబాబుని చేసెయ్."

"కుదరదండి. ఈ పేరు ఇదివరకే ఉంది అంటుందండి," అన్నాను, ఎంత వద్దనుకున్నా ఆగలేక.

"అయితే చాలా మంచి సత్తిబాబని వెయ్యి."

అక్కకి ప్రాణం కుదుటపడింది. వెంటనే వ్యాపారం గుర్తొచ్చింది. "మరి కుర్చీల రేటండి..."

"నువ్వు చెప్పిందే. రేటు దగ్గర నేను బేరమాడను, పేరు దగ్గర నువ్వాడకు."

"గిన్నెలు తిరిగొచ్చాక మారుస్తానండి."

"అదేంటమ్మా, సగమైనా ఇప్పుడెయ్యాలి. 'చాలా' ఇప్పుడెయ్యి. 'మంచి' సామానొచ్చాక వేద్దువుగాని."

అలా ఆ పెళ్ళి అయ్యేదాకా ఆయన మా లెక్కల్లో చాలా సత్తిబాబుగా ఉండిపోయాడు.

ఆయన అడ్వాన్సు ఇచ్చి వెళ్ళాక, అక్క ఒక కొత్త కుర్చీకి కవరు చింపి, అందులో కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వుతూ నా ఫోను తీశాను. పొద్దున్నుంచీ తెరవని మెసేజ్ ఒకటుంది.

ప్రియమైన వద్దన్నా చెప్పే సత్తిబాబు గారికి ఉగాది శుభాకాంక్షలు.

"అక్కా, ఇదేంటి?"

"ఆ ఒక్క ఖాతా నేనే తెరిచాన్రా. నువ్వు నేర్పింది వచ్చిందో లేదో చూద్దామని. బాగా వచ్చిందా?"

"అక్షరదోషాల్లేవు," అన్నాను.

ఆ సాయంత్రమే మూడు మీటల సాఫ్ట్‌వేర్ పెట్టాం. అక్క ఇప్పటికీ దాంట్లోనే లెక్క చూసుకుంటోంది.

అందుచేత, నా గ్రంథాలయం కార్డు మీద చెయ్యేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నా చొక్కాకున్న గుండీల కంటే ఎక్కువ మీటలున్న సాఫ్ట్‌వేర్ ఏదీ జన్మలో ఎవరికీ ఎంచి పెట్టను. అడిగినవారికి కూడా సలహా చెప్పను. అయితే మీ కొట్టుకి ఏది బాగుంటుందంటే...

ఇట్లు,
వద్దన్నా చెప్పే సత్తిబాబు